చార్మినార్‌కు వీపు పెట్టి నిలబడండి

పాతబస్తీలో రంగు ఫొటోలు తీయాలనుకునేవాళ్ళకు అందరూ చెప్పేది ఒకటే. పొద్దున్నే వెళ్ళండి, లేదంటే పొద్దువాలాక వెళ్ళండి, ఎండ మెత్తగా ఉంటుంది అని. నేను పన్నెండింటికి రమ్మంటాను. మే నెలైతే మరీ మంచిది. నీళ్ళసీసా మాత్రం మరవకండి.

రాగానే చార్మినార్‌కు వీపు పెట్టండి. 1591 నుంచి అక్కడే ఉంది, మీకోసం ఎక్కడికీ పోదు. దాన్ని చూడటానికి వచ్చిన మనుషులు మాత్రం మరో నిమిషంలో ఉండరు. లాడ్‌బజార్‌లో కొట్లవాళ్ళు ఎండకు అడ్డంగా నీలిపట్టాలు, పసుపుపట్టాలు కట్టుకుంటారు. నడినెత్తిన సూర్యుడుంటేనే ఆ రంగు కిందికి దిగుతుంది. నీలిపట్టా కింద నడిచే మనిషి తెల్లకుర్తా నీలమైపోతుంది, నాలుగడుగులు వేస్తే పసుపవుతుంది. పత్తర్‌గట్టి రాతికమానుల కింద నీడ కాటుకలా చిక్కబడేదీ ఆ వేళకే. కాటుక పక్కన కుంకుమ ఎలా వెలుగుతుందో మనకు ఇంకొకరు చెప్పాలా?

కెమెరాలో ఆటో వైట్‌బ్యాలెన్స్ తీసేసి డేలైట్‌లో పెట్టి, ఇంటికి చేరేదాకా దాన్ని ముట్టుకోకండి. ఆటోలో వదిలేస్తే ఆ నీలికుర్తాను కెమెరా ఉతికి తెల్లగా చేసి చేతికిస్తుంది. ఫిల్ము రోజుల్లో ట్యూబులైటు కింద తీసిన ఫొటో పచ్చగానూ, బల్బు కింద తీసింది నారింజరంగులోనూ వచ్చేవి. దాన్ని లోపమనేవారు. నాకది లోపంగా ఎప్పుడూ తోచలేదు. ఏ దీపం కింద ఎవరు కూర్చున్నారో చెప్పే సాక్ష్యాన్ని ఎందుకు చెరపాలి?

ఇక చదువు సంగతి. ఫొటోగ్రఫీ పుస్తకాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు చీరల కొట్టులో కూర్చోండి. మా అమ్మ చీరలు బేరమాడేటప్పుడు ‘ఎరుపు’ అని గానీ ‘పచ్చ’ అని గానీ ఊరికే అన్నది నేను వినలేదు. చిలకపచ్చ, మెంతిరంగు, వంగపండు, నేరేడుపండు, ఉల్లిపొర, గచ్చకాయ. ఒంటి రంగుకూ అంచుకూ పొత్తు కుదరకపోతే ఎంత ఖరీదైన పట్టుచీరైనా మడత పెట్టించేసేది. ఫ్రేములో ఏది ఉండాలో, ఏది పోవాలో నేను నేర్చుకున్నది అక్కడే. పేరు తెలియని రంగు కంటికి ఆనదు.

ఫొటోకళ అంటే నలుపు తెలుపులే అని పెద్దలు నమ్మే కాలంలో రఘుబీర్ సింగ్ రంగు ఫిల్ము పట్టుకుని దేశమంతా తిరిగాడు. 1942లో జైపూర్‌లో పుట్టిన ఆయన 1999లో న్యూయార్క్‌లో పోయాడు. భారతీయుల చూపులోనే రంగు ఉందని చివరిదాకా వాదించాడు. అయినా ఆ పాత నమ్మకం ఇంకా పోలేదు. ఒక పోటీలో నా ఫొటో చూసిన న్యాయనిర్ణేత, దీన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి ఉంటే బహుమతి వచ్చేదన్నారు. నేను చేయలేదు. రంగు తీసేశాక కూడా బాగున్న ఫొటోలో రంగు ఏ పనీ చేయలేదన్నమాట. అలాంటిది నేను దాచుకోను.

మీనారు పక్కన గోపురం, బురఖా పక్కన బొట్టు కోసం వెతకడం మానండి. ఆ జంట కనిపిస్తే కెమెరా దించేయండి. అక్కడి మనుషులు బతుకుతున్నారు, మన సామరస్యానికి ఉదాహరణలుగా నిలబడటానికి రాలేదు. రంగు వెంట పోండి. గళ్ళలుంగీల రంగులు చూసుకుంటూ పోతే బార్కస్ చేరతారు. యెమెన్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులుండే పేట అది. ఎవరు ఎవరితో ఎలా కలిసి ఉంటున్నారో అక్కడ మీరు వెతక్కుండానే కనబడుతుంది.

లక్కగాజుల కార్ఖానాలో ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. బొగ్గుల కుంపటి మీద మెత్తబడ్డ మట్టిరంగు ముద్దను కడ్డీలా సాగదీసి, పైన రంగులక్క పూసి, వంచి అతికించి, కొయ్య అచ్చుకు తొడిగి గుండ్రం చేస్తారు. ఆ తర్వాత వేడి చూపిస్తూ ఒక్కో రాయీ చేత్తో అద్దుతారు. రాళ్ళద్దే ఆయన బొటనవేలి గోరుకింద గులాబీరంగు లక్క ఇరుక్కుని ఉంది, దాని వెనక కుంపటి ఎరుపు. ఆ గోరే తీశాను, ముఖం తీయలేదు. ఆ గాజులు ఏ పెళ్ళికూతురి చేతికి ఎక్కుతాయో ఆయనకూ తెలియదు.

ఫొటో తీయనా అని అడిగితే సహజత్వం పోతుందంటారు. పోనివ్వండి. దొంగచాటుగా దక్కిన ఫొటోకన్నా అడిగి పోగొట్టుకున్న ఫొటో మేలు.

పండగరోజు కెమెరా ఇంట్లో పెట్టి రండి. 2024 జూలైలో మొహర్రం, బోనాలు ఒకే నెలలో వచ్చాయి. మొహర్రంలో బీబీకా ఆలం ఊరేగింపుకూ ఏనుగే, బోనాల్లో అక్కన్న మాదన్న గుడి ఘటానికీ ఏనుగే, చార్మినార్ ముందు దారీ ఒకటే. ఆ రోజుల్లో వేల ఫోన్లు పైకి లేస్తాయి, మీది అక్కర్లేదు. మర్నాడు పొద్దున రండి. ఎండ మెత్తగా ఉన్నప్పుడు నేను రమ్మనేది ఆ ఒక్క రోజే. బోనాల మర్నాడు లాల్‌దర్వాజలో ఒకామె రోడ్డు ఊడుస్తోంది. సాక పోసిన పసుపునీళ్ళు, వేపరొట్ట, నలిగిన బంతిపూలు. చీపురు కొసలు పసుపెక్కిపోయి ఉన్నాయి.

“అమ్మా, చీపురు ఫొటో తీస్కోనా?”

“తీస్కో బిడ్డా. నన్ను మాత్రం తియ్యకు” అని ఆమె చీపురును గోడకు ఆనించి పక్కకు తప్పుకుంది.