సరదా ట్రైలర్

అమెరికాలో బార్బెక్యూ పోటీల వీరులు పొగ పొయ్యిని ట్రైలర్‌కెక్కించి, పికప్‌కు తగిలించి రాష్ట్రాలు దాటేస్తుంటారు. ట్రైలర్ నిండా సాస్ కంపెనీ, బొగ్గుల కంపెనీ లోగోలే. ఇన్‌స్పెక్టర్ ఆపితే మాత్రం ‘ఏదో సరదాకండీ!’

ఫెడరల్ రవాణా నిబంధనలు సరదాకు అడ్డు చెప్పవు. బహుమతి సొమ్మును మామూలు ఆదాయంగా చూపాలి, ఖర్చును వ్యాపార ఖాతాలో రాయకూడదు, కంపెనీల స్పాన్సర్‌షిప్ ఉండకూడదు. అంతే! ఇవి తప్పి, బండికీ ట్రైలర్‌కూ కలిపి నిర్ణయించిన బరువు 10,001 పౌండ్లకు చేరిందా, తలుపు మీద రవాణా శాఖ (డాట్) నంబరు, జేబులో మెడికల్ సర్టిఫికెట్ ఉండాల్సిందే. పన్ను లెక్కల్లో వ్యాపారం, పోలీసు ముందు వినోదం కుదరదు మరి.

పోనీ లోగోలకు పట్టా కప్పేద్దామా? ఆ పట్టా ఇచ్చిందీ స్పాన్సరేనాయె!