పెరటి గుమ్మం మూసేశారు

ఇప్పటి బ్రౌజర్లకి మొహమాటం అనేది బొత్తిగా లేదర్రా. ఒక సైట్లో నిక్షేపంగా లాగిన్ అయ్యి, అదే యజమాని నడిపే ఇంకో సైట్‌కి వెళ్తే మళ్ళీ మొదటికొచ్చి ‘తమరెవరు?’ అంటుంది. పేరు కొట్టు, పాస్‌వర్డ్ కొట్టు, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొట్టు, అంతా అయ్యాక ఆ బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు ఎక్కడున్నాయో వెతికి చూపించు. మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి! ఒక్కచోట పేరు చెబితే మిగతా సైట్లన్నీ పిలిచి పీట వేసేవి. మీరు కీబోర్డు ముట్టుకునేసరికే ఆ మర్యాదలు పోయాయి. తెలియని దానికి బెంగ ఉండదు, అదృష్టవంతులు.

మొదటి నుంచీ చెబుతాను, తొందరేముంది. వెబ్ సర్వర్‌కి పుట్టుకతోనే మతిమరుపు. అడిగిన పేజీ ఇచ్చేస్తుంది, ఇచ్చిన మరుక్షణం ఎవరికిచ్చిందో మరిచిపోతుంది. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ అనే కుర్రాడు (మీలాంటి కుర్రాడే, కాకపోతే పనిచేసేవాడు) దీనికో ఉపాయం కనిపెట్టాడు. సర్వర్ ఒక చిన్న చీటీ రాసి మన మెషీన్లోనే పెడుతుంది, మళ్ళీ మనం వెళ్ళినప్పుడు బ్రౌజర్ ఆ చీటీ తీసి చూపిస్తుంది. అదే కుకీ. మేం అమీర్‌పేటలో జిరాక్స్ నోట్సు పెట్టుకుని సర్వ్‌లెట్లు నేర్చుకునేటప్పుడు మా సారు బోర్డు మీద ‘సెట్ కుకీ’ అని ఒక్క లైను రాసి, ఇక టీకి వెళ్దామన్నాడు. అంతే పాఠం. మీకు ఇప్పుడు దాని మీద మూడు వారాల కోర్సు, చివర్లో సర్టిఫికెట్టు, ఆ సర్టిఫికెట్టు చూసుకోవడానికి ఇంకో లాగిన్.

అప్పటి నెట్‌స్కేప్‌లో కుకీ వచ్చినప్పుడల్లా ‘పెట్టుకోనా, వద్దా’ అని మనల్ని అడిగే ఏర్పాటు ఉండేది. పద్నాలుగు అంగుళాల మానిటర్ మీద నడిమధ్యన బూడిదరంగు పెట్టె ఒకటి లేచేది. నేను గొప్ప జాగ్రత్తపరుణ్ణి కదా అని దాన్ని ఆన్ చేశాను. ఒక్క వార్తల పేజీ తెరిచేసరికి పెట్టె మీద పెట్టె, పెట్టె మీద పెట్టె. భోజనాల వేళకి ఆపేశాను. ప్రైవసీ కోసం నేను చేసిన ఉద్యమం అంతే, కాబట్టి ఆ విషయంలో నన్ను ఎక్కువ అడక్కండి.

ఇక అసలు కథ. మా క్లయింట్ ఒకాయనకి మూడు సైట్లుండేవి, దేని డొమైన్ దానిదే. లాగిన్ పేజీ మాత్రం నాలుగో డొమైన్లో ఒక్కటే. మనిషి మొదటి సైట్లో లాగిన్ అవుతాడు, ఆ లాగిన్ డొమైన్ తన కుకీ పెట్టుకుంటుంది. తర్వాత రెండో సైట్ తెరుస్తాడు. ఆ పేజీలో మేం ఎత్తు సున్నా, వెడల్పు సున్నా పెట్టి ఒక ఐఫ్రేమ్, అంటే పేజీ లోపల ఇంకో పేజీ, దాచేవాళ్ళం. అది వెనకాల నుంచి లాగిన్ డొమైన్‌ని ‘ఈయన మీకు తెలుసా?’ అని అడుగుతుంది. ఐఫ్రేమ్‌తో పాటు ఆ డొమైన్ కుకీ కూడా వెళ్తుంది కాబట్టి ‘తెలుసు, మనవాడే’ అని టోకెన్ ఇచ్చేస్తుంది. చూసేవాడికి ఏమీ కనపడదు, పేజీ తెరుచుకునేసరికి పైన మూల తన పేరు ఉంటుంది. 2014లో ఓపెన్‌ఐడీ కనెక్ట్ వచ్చాక ఇదే పనికి ‘ప్రాంప్ట్ ఈక్వల్స్ నన్’ అని పేరూ ఊరూ ఉన్న పద్ధతి కుదిరింది, అంటే నోరు మెదపకుండా అడిగి రా అని. ఆ సున్నా బై సున్నా ఐఫ్రేమ్ అంత పొందికైన పనివాణ్ణి నా సర్వీసులో మళ్ళీ చూడలేదు. జీతం అడగడు, కనపడడు, సెలవు పెట్టడు.

అయితే ఆ దారినే ఇంకొకళ్ళూ వచ్చారు. వీధిలో ఇంటింటికీ పాలు పోసే మనిషి పెరటి గుమ్మంలోంచి వంటింటి దాకా వస్తాడు కదా, ఆ చనువుతో మూడో ఇంటి అమ్మాయికి జ్వరం తగ్గిందని ఐదో ఇంట్లో చెబుతాడు, అది మంచి కబురే. ఏ ఇంట్లో ఎవరేం కొన్నారో, ఎవరికి అప్పులున్నాయో కూడా పుస్తకంలో రాసుకుని సాయంత్రానికి సంతలో అమ్ముకుంటే? ప్రకటనల కంపెనీలు సరిగ్గా అదే చేశాయి. మా ఐఫ్రేమూ వాళ్ళ ఐఫ్రేమూ బ్రౌజర్ కంటికి ఒకటే, రెండింటిదీ థర్డ్ పార్టీ కుకీయే, అంటే మనం తెరిచిన సైట్ది కాని వేరే డొమైన్ చీటీ. పుస్తకం ఎవరి చేతిలో ఉందో దానికేం తెలుసు? ఇక ఆ కంపెనీలని అడిగితే, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం.

ఇక్కడ ఒక చిక్కుంది. 1997లోనే కుకీల మీద మొదటి ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 2109, వచ్చింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఆ మాంటుల్లీ కూడా ఉన్నాడు. మనిషి తెలిసి వెళ్ళని డొమైన్ల కుకీలని బ్రౌజర్ ముందుగానే ఆపి ఉంచాలి, కావాలనుకున్నవాడే తెరుచుకోవాలి అని అందులో రాశారు. నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ దాన్ని పక్కన పెట్టేశాయి. అంటే నేను బంగారు కాలం అంటున్నదంతా పెద్దలు వద్దన్న గుమ్మంలోంచి నడిచిన కాలమే. ఇది నా గొడవకి అడ్డం వస్తుంది కాబట్టి ముందుకి పోదాం.

2017లో సఫారీ కత్తిరించడం మొదలెట్టి, 2020 మార్చికల్లా థర్డ్ పార్టీ కుకీలని మొత్తం ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఏ సైట్‌కి ఆ సైట్‌కే కుకీల కోసం వేరే డబ్బా ఇచ్చింది, అంటే మా లాగిన్ డొమైన్ మొదటి సైట్లో పెట్టుకున్న కుకీ రెండో సైట్లో ఉన్నప్పుడు దానికే కనపడదు. క్రోమ్ సంగతి చెప్పాలంటే ఇల్లాలికి కూడా విసుగొచ్చింది, నేను రోజూ అదే చదివి వినిపిస్తుంటే. రెండేళ్ళలో తీసేస్తామని 2020 జనవరిలో అన్నారు. తర్వాత 2023 అన్నారు, ఆ తర్వాత 2024 అన్నారు. 2024 జనవరిలో నూటికి ఒకరికి ఆపి చూశారు. అదే ఏడాది జూలైలో తీసెయ్యం, జనాన్నే అడుగుతాం అన్నారు. 2025 ఏప్రిల్‌లో అడగడం కూడా లేదన్నారు. ఇన్ని ముహూర్తాలు మార్చినా, సఫారీ వాళ్ళకోసం మేం ఇల్లు ఎలాగూ ఖాళీ చేయాల్సిందే కదా!

మధ్యలో ‘సేమ్‌సైట్’ అని ఇంకొకటి. ఆ నిబంధనని 2020 ఫిబ్రవరిలో క్రోమ్ పెట్టింది, కరోనా అని ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది, జూలైలో మళ్ళీ పెట్టింది. ఇంకో సైట్‌ నుంచి కూడా వెళ్ళాల్సిన కుకీ అయితే ‘సేమ్‌సైట్ నన్, సెక్యూర్’ అని రాసి తీరాలట. సరే అని రాశాం. ఐఓఎస్ 12 సఫారీకి ‘నన్’ అన్న మాట అర్థం కాక దాన్ని ‘స్ట్రిక్ట్’ కింద లెక్కగట్టి తలుపు ఇంకా గట్టిగా బిగించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వచ్చిన బ్రౌజర్ పేరు చూసి కొందరికి ఒక చీటీ, కొందరికి ఇంకో చీటీ రాయించాం. లాగిన్‌కి సామెల్ అనే పాత పద్ధతి వాడేవాళ్ళది మరీ అన్యాయం. వాళ్ళ జవాబు ఫారం పోస్ట్‌లో వస్తుంది, ఇంకో సైట్‌ నుంచి వచ్చే పోస్ట్‌తో మామూలు కుకీ వెళ్ళదు. కుకీ పుట్టి రెండు నిమిషాలు దాటకపోతే వదులుతామని క్రోమ్ ఓ తాత్కాలిక దయ చూపించింది. రెండు నిమిషాలు! మా తరం పాస్‌వర్డ్ గుర్తుచేసుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఇప్పుడేం చేయాలంటారా? మార్గాలు చాలానే చెబుతారు. స్టోరేజ్ యాక్సెస్ ఏపీఐ అని ఒకటి, దానికి మనిషి ముందు ఓ నొక్కు నొక్కాలి, ఆ తర్వాత బ్రౌజర్ అనుమతి అడుగుతుంది. గుట్టుగా జరిగే పనికి డప్పు కొట్టడం. ఫెడ్‌సీఎమ్ అని ఇంకొకటి, 2022లో క్రోమ్‌లోకి వచ్చింది. అందులో బ్రౌజరే మధ్యవర్తిగా కూర్చుని ‘ఈ ఖాతాతో వెళ్తారా?’ అని తన పెట్టె తానే చూపిస్తుంది. మళ్ళీ అదే పెట్టె, నెట్‌స్కేప్‌లో నేను ఆపేసిందే, రంగు మార్చుకుని వచ్చింది. వీటన్నిటికంటే తిన్ననిది పాత రీడైరెక్టే. దాచిపెట్టకుండా పేజీని మొత్తంగా లాగిన్ డొమైన్‌కి పంపి, అక్కడ అది తన సొంత గడపలో తన కుకీ చూసుకుని, టోకెన్ కోసం ఒక కోడ్ చేతిలో పెట్టి వెనక్కి పంపుతుంది. గూగుల్‌లో లాగిన్ అయినప్పుడు యూట్యూబ్ డొమైన్ మీదుగా ఓసారి తిరిగి రావడం కూడా ఇలాంటి ఏర్పాటే. తెర ఒక్క క్షణం తెల్లగా మెరుస్తుంది, అంతే. నిజం చెప్పొద్దూ, బాగానే పనిచేస్తుంది. అదే నా ఏడుపు. ఇది అప్పుడూ ఉంది, ఆ తెల్ల మెరుపు నచ్చకే మేం ఐఫ్రేమ్ దాచాం.

లాగౌట్ మాత్రం ఇంకా తేలలేదు. ఒకచోట బయటికొస్తే అన్నిచోట్లా బయటికి రావాలి, దానికీ మేం దాచిన ఐఫ్రేములే వాడేవాళ్ళం. ఇప్పుడు అవి వెళ్ళి తలుపు కొట్టినా లోపల ఎవరి సెషన్ ముయ్యాలో తెలియదు, కుకీ ఉండదుగా. సర్వర్ నుంచి సర్వర్‌కే కబురు వెళ్ళే బ్యాక్ చానెల్ పద్ధతి పెట్టండని మూడు మీటింగుల నుంచీ మొత్తుకుంటున్నాను, ‘నెక్స్ట్ స్ప్రింట్ సార్’ అంటారు. కనీసం వెనక్కి రావాల్సిన చిరునామా, ఆ రీడైరెక్ట్ యూఆర్‌ఐ అయినా చూడండర్రా. రిజిస్టర్ చేసినదానికి చివర స్లాష్ ఉంది, కోడ్‌లో పంపుతున్నదానికి లేదు, అక్షరం తేడా వచ్చినా లాగిన్ సర్వర్ ఒప్పుకోదు. రాత్రి రిలీజ్ అంటున్నారు, ఫోన్ నాకే వస్తుంది.