కనుమ టిఫిను పెద్దమనిషి

పలమనేరు వంటి ఊళ్లలో, సంక్రాంతి మూడో రోజైన కనుమ ఉదయాన మాత్రమే పూర్ణ స్వరూపంతో దర్శనమిచ్చే గృహస్థుడొకడున్నాడు. పండగ టిఫినును, అనగా ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చొని తినవలసిన ఉదయపు ఫలహారాన్ని, నాలుగు రోజుల ముందునుంచే ఆలోచించి, కాగితం మీద పెట్టి, పనులు పంచి, పర్యవేక్షించి, పొయ్యి దరిదాపులకు మాత్రం పోకుండా ఉండడం ఇతని ప్రధాన లక్షణం. కనుమ ఈ సీమలో పశువుల పండగ కనుక, గొడ్డూగోదా ఉన్న ఇళ్లలో మగవాళ్లు పొద్దున్నే వాటిని కడిగి కొమ్ములకు రంగులు పూసే పనిలో మునిగి ఉంటారు. అందువల్ల ఈ జాతి పశువులు లేని ఇళ్లలోనూ, ముఖ్యంగా ఉద్యోగ విరమణ జరిగిన ఇళ్లలోనూ అధికంగా వర్ధిల్లుతుంది.

పాత పెళ్లిపత్రిక వెనుక ఇతడు రాసే పట్టీలో దోసెలు, నాటుకోడి కూర, అలసందలు నానబెట్టి రుబ్బి చేసే వడలు, ఊరిబిండి, అంటే వేయించిన చెనిక్కాయలను ఎండుమిరపకాయలతో రోట్లో కచ్చాపచ్చాగా నూరిన పచ్చడి, తప్పనిసరిగా ఉంటాయి. కనుమ నాడు మినుము తినాలన్న పెద్దల మాటను ఇతడు ప్రమాణంగా చూపుతాడు. అలసంద వడలో మినుము ఎక్కడుందని మనవరాలు అడిగితే, ప్రమాణం దోసెకు వర్తిస్తుందనీ, వడకు ఆచారమే చాలుననీ మీమాంసకుడిలా తీర్పు చెబుతాడు. దోసెలకు స్టోరు బియ్యాన్ని, అనగా రేషను దుకాణపు బియ్యాన్ని, మించినది లేదన్నది ఇతని దృఢవిశ్వాసం; ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తెలిసి దశాబ్దాలైనా, ఏటా తానే కనిపెట్టినట్లు ప్రకటిస్తాడు.

మూడు రాష్ట్రాల సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఊరు కావడంవల్ల పట్టీకి సవరణలు తప్పవు. తమిళనాడు వైపునున్న గుడియాత్తం నుంచి వచ్చిన కోడలు మిరియాలూ నెయ్యీ పడిన పొంగలి, సాంబారు అంటుంది. బెంగళూరులో పనిచేసే కొడుకు, దారిలో కర్ణాటక వైపు తగిలే ముళబాగల్ దోసెను, అంటే పైన కరకరలాడుతూ లోపల దళసరిగా మెత్తగా ఉండే ఆ ఊరి ప్రసిద్ధమైన దోసెను, మెచ్చుకుంటూ ఇంట్లో అడుగుపెడతాడు. ఇతడు ప్రతి ప్రతిపాదననూ గంభీరంగా విని, పట్టీ చివర చేర్చి, దేన్నీ కొట్టివేయకుండా సభ ముగిస్తాడు గనుక, నాలుగు వంటకాలతో మొదలైన పట్టీ భోగి సాయంత్రానికి తొమ్మిదికి చేరుతుంది. దానికి తోడు వేళలు: ఆరున్నరకు కూర దించుట, ఏడింటికి మొదటి దోసె, ఏడుంబావుకు పిల్లల పంక్తి, ఆపైన పెద్దల పంక్తి.

ఈ వేళల పట్టికకు అసలు శత్రువు పలమనేరు చలి. సముద్రమట్టానికి ఇంచుమించు 680 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిలో జనవరి రాత్రులు బాగా చల్లబడతాయి. దోసెపిండి పొంగడానికి ల్యూకోనోస్టాక్ వంటి బాక్టీరియాలు అందులోని చక్కెరలను పులియబెట్టి వాయువును వెలువరించాలి; వెచ్చదనం తగ్గితే వాటి పని మందగిస్తుంది. ఆ సంగతి తెలిసిన ఇల్లాలు పిండిని పెందలాడే రుబ్బి, గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెడదామనుకుంటుంది గాని, పట్టీ ప్రకారం రుబ్బవలసిన వేళ రాత్రి తొమ్మిది. తెల్లవారి ఏడింటికి ఇతడు గడియారం చూసి కేకేయగానే వంటింట్లోంచి జవాబు వస్తుంది: "చలికి పిండి పొంగలేదు. ఆ కాగితమేదో తీసకపోయి పిండికే చూపియ్యి."

చివరకు టిఫిను పదింటికి మొదలై పన్నెండు దాకా సాగుతుంది. కూర బాగుంటుంది, వడలు చాలవు, పొంగలి మిగిలిపోతుంది, పెద్దమనిషి మూడో దోసె దగ్గర తన ఏర్పాట్లను తానే మెచ్చుకుంటాడు. ఆలస్యానికి కారణం పనిలో క్రమశిక్షణ లోపించడమేనని అతని నిర్ణయం. అన్ని పంక్తులూ లేచాక ఇల్లాలు పెనం దించి, అడుగున మిగిలిన పిండితో పోసుకున్న ఒక్క దోసెను నిలబడే తింటుంది; పట్టీలో ఆమె పంక్తికి వేళ రాసి ఉండదు.