కరిగే కుట్టు ఆత్మకథ

డాక్టర్లు నన్ను పాలీగ్లాక్టిన్ 910 అంటారు. కుట్లు వేయించుకున్నవాళ్లకు మాత్రం నేను ‘కరిగిపోయే దారం’. సన్నటి పోగులను జడలా అల్లి, ఊదా రంగు వేసి, సూదికి బిగిస్తారు. గ్లైకోలైడ్ 90 పాళ్లు, లాక్టైడ్ 10 పాళ్లు కలిస్తే నేను. రెండూ వలయాకార అణువులే. తేమ తగలనీయకుండా తగరపు ఉత్ప్రేరకంతో వేడిచేస్తే ఆ వలయాలు విచ్చుకుని, ఒకదాని కొసకు మరొకటి అతుక్కుంటూ పొడవాటి గొలుసులవుతాయి. తేమంటే అంత జాగ్రత్త ఎందుకంటే, రేపు నన్ను తెంచేది కూడా నీళ్లే.

రెండు పదార్థాలు కలిస్తే గుణం ఆ రెండింటికీ నడిమధ్యన ఉంటుందని చాలామంది నమ్మకం. మాలాంటి కోపాలిమర్ల విషయంలో, అంటే రెండు రకాల ముక్కలు ఒకే గొలుసులో కలిసినచోట, ఆ లెక్క తప్పవచ్చు. గ్లైకోలైడ్ నుంచి వచ్చే గ్లైకోలిక్ ఆమ్లపు గొలుసు నీటికి కొన్ని నెలల్లో లొంగుతుంది. లాక్టైడ్ నుంచి వచ్చే లాక్టిక్ ఆమ్లపు గొలుసులో అదనంగా ఉన్న మిథైల్ సమూహం నీటిని దూరం పెడుతుంది కనుక అది ఏడాది దాటినా నిలుస్తుంది. సగం సగం కలిపిన మా బంధువు ఆ రెండింటి మధ్యకాలం బతకాలి కదా? అది ఒకటి రెండు నెలల్లోనే శిథిలమవుతుంది, మా కుటుంబంలో అందరికంటే ముందు! రెండు రకాల ముక్కలు కలగాపులగంగా అతుక్కోవడంతో గొలుసులు వరుసగా సర్దుకోలేవు, స్ఫటికాలు కట్టవు, సందుల్లోకి నీళ్లు సులువుగా దూరతాయి. విడివిడిగా తయారైన రెండు పాలిమర్లను కరిగించి కలిపితే చాలదా అంటే, చాలదు. అవి దేనికది విడిపోయి ఎవరి గుణం వాళ్లు నిలబెట్టుకుంటాయి. ఒకే గొలుసులో కలిసి ఉంటేనే కొత్త గుణం పుడుతుంది.

బలం తగ్గిపోయే కుట్టును నమ్మేదెలా అని అడిగేవారున్నారు. రెండు వారాలకు నాలో సుమారు 75 శాతం, మూడు వారాలకు సగం బలం ఉంటుంది. ఆలోగా గాయం తన బలం తాను కూడగట్టుకుంటుంది. 56 నుంచి 70 రోజుల్లో నేను పూర్తిగా పోతాను. పాతకాలపు కరిగే దారం క్యాట్‌గట్‌ను ఒంట్లోని ఎంజైములు అరగదీసేవి, అందుకే ఇన్‌ఫెక్షన్ వస్తే దాని గడువు తారుమారయ్యేది. నన్ను విడగొట్టే పని ప్రధానంగా నీటిది, కాబట్టి నా గడువు ముందే చెప్పగలరు. నేను విడిచే ఆమ్లాల మాటేమిటన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. దారం సన్నం కనుక అవి ఎప్పటికప్పుడు బయటికి పోతాయి, శరీరం వాటిని వాడుకుని వదిలేస్తుంది. మందపాటి దిమ్మెలో మాత్రం ఆమ్లం లోపలే చిక్కి, పైపొరకంటే ముందు నడిమధ్యను తినేస్తుంది. అందుకే మా కుటుంబంతో వైద్య పరికరం చేసేవాళ్లు పాళ్లతోపాటు మందాన్నీ లెక్కగట్టాలి.