రెండడుగులకు ఒక అంగుళం: ఒక నమూనా ఇంటి ఆత్మకథ

నా వీధరుగు మీద కూర్చోవాలంటే మనిషి రెండు ముప్పావు అంగుళాలకు మించి పొడవుండకూడదు. మించితే నేనొప్పుకోను. లెక్క లెక్కే.

నేనొక పెంకుటింటిని. చిలకలూరిపేటకూ నరసరావుపేటకూ మధ్య నల్లరేగడి పొలాల్లో ఉన్న ఓ ఊళ్ళో నిజంగా కాపురాలు సాగిన ఇంటికి ఇరవైనాలుగో వంతుగా 1996 వేసవిలో పుట్టాను. రెండడుగులకు ఒక అంగుళం చొప్పున తగ్గించారు. అసలు ఇంటి పొడవు 40 అడుగులు, నా పొడవు 20 అంగుళాలు. అప్పట్లో మాది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చి పల్నాడు జిల్లా అయింది. అటక మీద నుంచి వెంట్రుకవాసి కదలకుండానే జిల్లా మారిపోయాను.

నన్ను చేసింది హైస్కూలు డ్రాయింగు మాస్టారు. గోడలకు పుస్తకాలు బైండు చేసే స్ట్రాబోర్డు, కింద ప్లైవుడ్డు పీఠం, తలుపులకు కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క, అన్నిటికీ ఫెవికాల్. ఆ తంతు ఎవరైనా చెయ్యగలరు. గోడలు నిలబెట్టడంతో ఇల్లు అయిపోదని మాస్టారికి తెలుసు. అందుకే కత్తెర పట్టుకునే ముందు చాలాకాలం టేపు పట్టుకుని తిరిగాడు. చూరు ఎత్తు, గడప మందం, అరుగు వెడల్పు, దీపం గూడు లోతు, అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించాడు. ఓ రోజు కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులును కొలుస్తుంటే ఇంటి పెద్దావిడ చూసింది.

“ఏంది మాస్టారూ, పగుళ్ళు కూడా గీస్తన్నారు? మా పరువు తీస్తారా ఏంది?”

“పగులు లేకుండా చేస్తే మీ ఇల్లని ఎవరు నమ్ముతారు పెద్దమ్మా?” అన్నాడాయన.

నిజమే మరి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగిసి నెర్రెలిస్తుంది. ఏటా కిందనుంచి నేల అట్లా ఊపిరి తీస్తుంటే పైన పునాది ఎంతకాలమని ఊరుకుంటుంది? తలుపులకూ కిటికీలకూ ఖాళీ వదిలిన చోటే గోడ బలహీనం. పగులు ఆ మూలనే పట్టుకుంటుంది. మా మైదానంలో పాత ఇల్లు కట్టి చూపించాలనుకునే వాళ్ళు ముందు గియ్యాల్సింది ఆ గీతే. మాస్టారు దాన్ని సూదిమొనతో గీకి, అందులో పల్చటి బూడిద నీళ్ళు పారించాడు. నా ఒంటి మీద నాకు అన్నిటికంటే గర్వమైన చోటు అదే.

రంగుల దగ్గరా అంతే పట్టుదల. అసలు ఇంటికి తెల్లసున్నం కొట్టారు కదా అని నాకూ తెల్లరంగు పూస్తే నేను అట్టపెట్టెలా కనపడతానన్నాడు. చిన్న నమూనాను దగ్గరగా చూడడమంటే పెద్ద ఇంటిని దూరం నుంచి చూడడమే. దూరాన్నుంచి చూసేటప్పుడు నడుమ ఉన్న గాలీ దుమ్మూ రంగును కొంత మింగేస్తాయి. అంచేత తెలుపులో చిటికెడు బూడిదరంగు, ఇంకాస్త పసుపుమన్ను కలిపాడు. చూరు కింద వాన చారలు దింపాడు, వంటింటి కిటికీ పైన పొగచూరు పట్టించాడు. దీపం గూడు కింద నూనె మరక పెట్టాడు. మనుషులు చేతులానించి దిగే చోట అరుగు అంచును ఉప్పుకాగితంతో అరగదీశాడు. నడికొప్పును బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా వెయ్యలేదు. గూన పెంకుల బరువుకు వాసాలు వంగిన ఇంటి నడికొప్పు నడుమ కాస్త కుంగుతుంది, నాదీ కుంగింది.

పెంకులంటారా, డ్రాయింగు కాగితాన్ని తడిపి పెన్సిలుకు చుట్టి, ఆరాక నిలువునా చీల్చి, ముక్కలు చేసి ఒక్కొక్కటీ అంటించాడు. ఏ రెండు వరసలూ ఒకే ఎరుపు కాదు. ఉత్తరం వైపు వాలుకు నాచు నలుపు ఎక్కువ.

ఇల్లొక్కటీ చేసి ఊరుకుంటే అది మా ప్రాంతపు ఇల్లు కాదు. మా దగ్గర ఇల్లంటే పంట కూడా. పత్తి తీశాక మంచి ధర వచ్చేదాకా ఇంట్లోనే పోసుకోవడం మా వైపు అలవాటు. పిల్లలు దాని మీద దొర్లడం, రాత్రంతా ఒళ్ళు గోక్కోవడం మామూలే. నా నడవాలో గోడకానించి పత్తి కుప్ప ఉండేది, పక్కన నోరు కట్టిన బోరేలు. ముందు కళ్ళం, కళ్ళం నిండా మిరపకాయలు. ఇక్కడ మాస్టారు తిప్పలు పడ్డాడు. మొదట ముతక కారం చల్లాడు. చల్లిన రోజు కళ్ళం భగభగలాడింది, వేసవి సెలవులయ్యేసరికి వెలిసి ఇటుకపొడిలా తయారైంది. మిరప ఎరుపు వెలుతురుకు ఓర్వదు, పైగా కారానికి పురుగొకటి. చివరికి ఆయన భార్య కుట్టుమిషను పెట్టెలోంచి ఎర్రదారం బయటికొచ్చింది. మూడు రకాల ఎరుపు దారాలను ఒక్కో ముక్క రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా కత్తిరించారు. ఇరవైనాలుగో వంతు లెక్కలో మిరపకాయ అంతే ఉంటుంది. అక్కడక్కడ పాలిపోయిన పసుపు ముక్కలు కూడా కలిపారు. తాలు కాయలు లేని కళ్ళం ఎక్కడైనా ఉందా?

నరసరావుపేటలో వైజ్ఞానిక ప్రదర్శనకు తీసుకెళ్ళారు. నా ముందు ఆగిన వాళ్ళలో ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఓ రైతు నాకు గుర్తుండిపోయాడు. కండువాతో చెమట తుడుచుకుంటూ వంగి కళ్ళం చూశాడు. “ఇంకా తాలు ఏరలా, ఇట్లానే టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పోతే రేటెవడిస్తాడు?” అన్నాడు. ఆ మాటకంటే పెద్ద బహుమతి నాకెవరూ ఇవ్వలేదు.

ఇవ్వాల్సిన వాళ్ళు అసలే ఇవ్వలేదు. న్యాయనిర్ణేతలొచ్చి, “ఇందులో లైటు వెలుగుతుందా? ఏదైనా తిరుగుతుందా?” అని అడిగారు. వెలగదు, తిరగదు. మొదటి బహుమతి పక్క బల్ల మీది అగ్నిపర్వతానికి పోయింది. వంటసోడాలో వెనిగర్ పోస్తే అది పొంగింది. మా జిల్లాలో అగ్నిపర్వతం ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

తర్వాత నా మకాం స్టాఫు రూములో ఇనపబీరువా మీద. కొన్నాళ్ళకు మాస్టారికి బదిలీ అయింది. వెళ్ళేముందు ఒకసారి పైకి చూసి, చూరుకు పట్టిన బూజు చేత్తో తీశాడు. ఆ తరువాత నన్ను తుడిచిన చెయ్యి లేదు. నా నెత్తిన హాజరుపట్టీలు, వాటి మీద భూగోళం, దాని మీద వాలీబాల్ వల. నడికొప్పు ఈసారి లెక్క లేకుండా కుంగింది.

బీరువా మీద పనేముంటుంది? పక్క గదిలో సోషల్ మాస్టారు చెప్పే పాఠాలు వినేదాన్ని. అట్లా నా వంశం సంగతి తెలిసింది. మా కులపెద్దలు కృష్ణ ఒడ్డునే, అమరావతిలో ఉన్నారట. మహాస్తూపం చుట్టూ నిలిపిన సున్నపురాతి పలకల మీద శిల్పులు ఆ స్తూపాన్నే చిన్నగా చెక్కారు. వాకిలి దగ్గర సింహాలు, ఐదేసి ఆయక స్తంభాలు, చుట్టూ కంచె, గుండ్రటి అండం మీద దండలు, అన్నీ అందులో ఉన్నాయి. 1797లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చేసరికే, కొత్త ఊరు కట్టుకుంటున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి మనుషులు దిబ్బను తవ్వి రాళ్ళు పట్టుకుపోతున్నారు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి చూస్తే నడుమ చెరువు తవ్వి ఉంది. కొన్ని రాళ్ళు సున్నపుబట్టీల పాలయ్యాయి. ఈనాడు అమరావతి వెళ్తే కనపడేది స్తూపం అడుగుభాగం. అది నిండుగా ఉన్నప్పుడు ఎట్లా ఉండేదో చెప్పేది ఆ చిన్న బొమ్మలున్న పలకలే. వాటిలో కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పెద్ద స్తూపం సున్నమైపోయింది, చిన్న స్తూపాలు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. మా జాతికి అంతకన్నా పెద్ద కితాబు ఇంకేం కావాలి?

మాచర్ల అవతల నాగార్జునకొండలో ఇంకో శాఖ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. ఆనకట్ట లేస్తే ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయంతా మునిగిపోతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను తవ్వి, కొలిచి, రాసుకున్నారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికి చేర్చారు, కొన్నిటికి అనుపు అనే చోట ప్రతిరూపాలు కట్టారు. ఆ కొండే ఇప్పుడు దీవి. అక్కడి మ్యూజియంలో మునిగిన లోయకు నమూనా ఉంది. లాంచీలో వెళ్ళిన పిల్లలు కిటికీలోంచి చూస్తే నీళ్ళు, లోపల చూస్తే ఆ నీళ్ళ కింది ఊరు. ముంచబోయే ముందు టేపు పట్టుకున్నారు కాబట్టి అంతమాత్రమైనా మిగిలింది.

పాఠాలు వింటూ మురిసిపోతుండగా ఎన్నికలొచ్చాయి. మా బడే పోలింగు కేంద్రం. బల్లలు, బీరువాలు సర్దే హడావిడిలో నన్ను వరండాలోకి విసిరినంత పని చేశారు. నా పశువుల కొట్టం ఊడిపోయింది, నా వేపచెట్టు వంగిపోయింది. అటెండరు జాలిపడి, “చెత్తలో ఎందుకులే, మా పాప ఆడుకుంటది” అని ఇంటికి తీసుకుపోయాడు.

ఆ ఇంట్లో నాకు మర్యాద జరగలేదనను. సంక్రాంతికి బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద కూర్చోబెట్టారు. కానీ ఏం కొలువండీ అది! కొండపల్లి అంబారీ ఏనుగు నా గేదె కంటే చిన్నది. నా గుమ్మం పక్కనే బ్యాటు పట్టుకున్న ప్లాస్టిక్ క్రికెట్ ఆటగాడు, వాడి మోకాలు నా చూరుకు తగులుతోంది. వేంకటేశ్వరస్వామి నాకు నాలుగింతలు, ఆయన దేవుడు కాబట్టి ఆ మాట పక్కన పెడదాం. పేరంటానికొచ్చిన ఆడవాళ్ళు “ఎంత ముద్దుగా ఉందో” అన్నారు. పగులు కొలిచి, పొగచూరు దాకా పట్టించి చేసినదాన్ని పట్టుకుని ముద్దుగా ఉందంటే ఏం చెప్పను? అయినా ఏడాదికోసారి దీపం వెలుగు పడేది. పాపకు పెళ్ళయ్యాక అదీ లేదు.

ఇక అటక. ఇటు పక్క నీళ్ళు కారే ఎయిర్ కూలర్, అటు పక్క దోమతెర కర్రలు. నా నడవాలో బల్లి గుడ్లు పెట్టింది. మాస్టారు పోసిన పత్తిని ఎలుక లాక్కుపోయి తన పిల్లలకు పరుపు వేసింది, దాని మీద నాకు కోపం లేదు. చెదల మీద ఉంది. స్ట్రాబోర్డంటే వాటికి పెళ్ళిభోజనం. వెనకగోడ పూర్తిగా తినేసి, పడమటి గదిలోకి వచ్చాయి. ఓసారి పాతసామాన్లు కొనేవాడు నన్ను చేత్తో ఎత్తి, “అట్ట తడిసింది, కిలోకు రూపాయి కూడా రాదు” అని మళ్ళీ పైకి తోశాడు. బతికానా, అవమానపడ్డానా అన్నది ఇప్పటికీ తేలలేదు.

అటక మీద ఉన్నప్పుడే అసలు ఇంటి కబురు తెలిసింది. పెద్దావిడ పోయాక పంపకాలయ్యాయి. కరోనాకు ముందు ఏడాది పొక్లెయినొచ్చి ఒక్క పూటలో నేలమట్టం చేసింది. టేకు స్తంభాలు, దర్వాజాలు పాత కలప కొనేవాళ్ళు లారీలో వేసుకుపోయారు. గూన పెంకులు కొత్త పునాది గుంతలోనే పోశారు. ఇప్పుడక్కడ రెండంతస్తుల డాబా ఉంది. పిల్లర్లు లోతుగా దింపారట, పగుళ్ళు రావంటున్నారు. సంతోషం. నేల మాత్రం ఆ పాత నల్లరేగడే.

మొన్నామధ్య అమెరికాలో ఉంటున్న ఆ ఇంటి మనవరాలు వీడియో కాల్లో అడిగిందట, “నాన్నా, తాతయ్య మంచం వేసుకునే అరుగు ఎంత ఎత్తుండేది?” అని. మోకాలెత్తని తండ్రి, కాదు నడుమెత్తని బాబాయి. పాత ఫొటోలన్నీ తీశారు. పెళ్ళికొడుకు నిలబడ్డాడు, వెనక ఇల్లు కనపడలేదు. సారె బుట్టలున్నాయి, గోడ లేదు. బారసాల ఫొటోలో అరుగు నిండా మనుషులు, అరుగు కనపడదు. అదే బజారులో రెండు సందులవతల, కూలర్ పక్కన నేనున్నాను. నా అరుగు ఎత్తు అంగుళంబావు. అంటే రెండున్నర అడుగులు. అడిగేవాళ్ళు లేరు.

మీ ఊళ్ళో పెంకుటిల్లు ఇంకా నిలబడి ఉంటే, పొక్లెయిన్‌కు ఫోన్ చేసేలోపు ఒకసారి వెళ్ళండి. నన్నెవరూ పదిలం చేయకపోతే పోయారు, మీరు బొమ్మ చెయ్యక్కర్లేదు, అందరికీ డ్రాయింగు రాదు. అరుగెంత ఎత్తు, గడపెంత మందం, చూరు ఎక్కడిదాకా దిగింది, గూడు ఏ గోడకుంది, పగులు ఏ మూల నుంచి బయల్దేరింది, ఇవి కొలిచి ఓ కాగితం మీద రాసి పెట్టండి. మనుషులు అడ్డం లేకుండా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తియ్యండి. టేపు దొరక్కపోతే జానతో కొలవండి, పర్వాలేదు. ఎవరి జానో మాత్రం పక్కన రాయండి.