జనరేటరుకు తగ్గట్టు బతకండి

వ్యానులో దేశం తిరగాలనుకునేవాళ్ళు మొట్టమొదట కాగితం ముందేసుకుని లోడు లెక్క వేస్తారు. ఫ్రిజ్ ఇంత, మిక్సీ ఇంత, ఏసీ ఇంత అని కూడి, అంత మోసే జనరేటర్ కోసం షాపులెక్కుతారు. తీరా తెచ్చుకునేది 60 కిలోల బండ. రోజూ దాన్ని ఎత్తి దించలేక నడుం పడిపోతుంది. నా మాట వినండి: ముందు చిన్న జనరేటర్ కొనండి, తర్వాత బతుకును దానికి సరిపోయేలా కత్తిరించుకోండి.

1. ఒంటిచేత్తో లేచేదే కొనండి. 1 కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్ 13 కిలోల దాకా ఉంటుంది. ధర అడిగే ముందు పిడి పట్టుకుని షాపులో నాలుగడుగులు నడవండి. భుజం ఒప్పుకుంటే ఇక బేరమాడొచ్చు.

2. మనుషుల్ని వాట్లలో ఎంచండి. టన్నున్నర ఏసీ 1,500 వాట్ల వరకూ లాగుతుంది. మీ జనరేటర్ నిలకడగా ఇచ్చేది 900 వాట్లు. ఏసీ లేనిదే నిద్రపట్టని బావగారిని, ఎంత ఆప్తుడైనా సరే, వ్యాను ఎక్కించకండి.

3. మిక్సీ మానేసి రోలు పెట్టుకోండి. 750 వాట్ల మిక్సీలో మినప్పప్పు బిగుసుకుంటే ఓవర్‌లోడ్ దీపం ఎర్రగా వెలుగుతుంది. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, కరెంటు మాత్రం రాదు. పాపం, దాన్నెందుకు అంత కష్టపెట్టడం? రోలు జనరేటర్ కన్నా బరువని వెనకాడకండి. రోలుకు పెట్రోలు అక్కర్లేదు.

4. కొండలెక్కకండి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి, ప్రతి 300 మీటర్లకూ ఇంజను బలం సుమారు 3.5 శాతం తగ్గుతుంది. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు తీసుకెళ్తే మూడో వంతు పైగా పోయినట్టే. లద్దాఖ్‌ను ఫొటోల్లో చూసుకోండి. సూర్యలంక, మైపాడు, భీమిలి ఉండగా మంచుకొండలు ఎందుకు? సముద్రపొడ్డున ఇంజను నిండు బలంతో నడుస్తుంది.

5. చోటు ముందు జనరేటరుకే చూడండి. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకని వ్యానుకు కనీసం 6 మీటర్ల దూరంలో, పొగగొట్టం అవతలి వైపుకు తిప్పి పెట్టాలి. వ్యాను లోపల గానీ కిటికీ కింద గానీ ఎప్పుడూ నడపకూడదు. అంత చోటు లేని ఊళ్ళో, ఎంత గొప్ప గుడి ఉన్నా, రాత్రి ఆగకండి. వాన వస్తే జనరేటర్ ఆపేసి, చీకట్లోనే పెరుగన్నం తినండి.

6. ఇంటిల్లిపాదికీ పరీక్ష పెట్టండి. కొత్త ఇంజనుకు మొదటి 20 గంటలకే ఆయిల్ మార్చాలి. ఆ 20 గంటలూ ఇంటి దగ్గరే గడపండి. జనరేటరును గుమ్మానికి దూరంగా, ఆరుబయట పెట్టి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రెండు లైట్లు, ఒక ఫ్యాను నడపండి. ఇంటి మెయిన్ కట్టేయండి. సణగనివాళ్ళ పేర్లు రాసుకుని, వ్యానులో సీట్లు వాళ్ళకే ఇవ్వండి. ఒక్కరూ మిగలకపోతే మీరూ జనరేటరూ బయల్దేరండి. 900 వాట్లు ఒక మనిషికి ధారాళంగా సరిపోతాయి.