చక్రాభిషేక మహోత్సవము

హైదరాబాదులోని సుచిత్ర కూడలి దాటి కొంపల్లి మీదుగా మేడ్చలు దిక్కునకు పోవు 44వ జాతీయ రహదారికి ఇరువైపుల, ఫంక్షన్ హాళ్లకును ధాబాలకును నడుమ దొరికిన ఖాళీ జాగాలలో, రేకుల పందిరి వేసి, ర్యాంపు కట్టి, ప్రెషర్ గన్ను బిగించి నెలకొల్పిన వాటర్ సర్వీసింగ్ కేంద్రములలో ఆదివారము ఉదయమున జరుగు చక్రాభిషేకమును చూచిన వారికి, మన జనులలో భక్తి క్షీణించుచున్నదని వాపోవు పెద్దల మాట ఎంత నిరాధారమైనదో తేటతెల్లమగును. అద్దములు మాసినను సహించువాడును, వెనుక సీటు క్రింద పిల్లలు ఒలుకబోసిన మిక్చరు మాసములుగా మగ్గుచున్నను గమనింపనివాడును అగు కారు యజమాని, అల్లాయ్ చక్రపు ఆకుల నడుమ నల్లని మసి కనబడినంతనే వంశగౌరవమునకే కళంకము వచ్చినట్లు కలవరపడి, గొంతుకూర్చుండి, దానిని చూపుడువ్రేలితో తాకి, ఆ వ్రేలిని వెలుతురునకెత్తి నిదానించి చూచును.

ఆ క్షణముననే నిపుణుడు ప్రత్యక్షమగును. “సార్, ఇది సబ్బుకు పోదు. కెమికల్ కొట్టాల్సిందే. కొట్టినంక సూడుండ్రి, కొత్త వీల్ లెక్క అయితది.” ఈ వాక్యమునకున్న మహిమ అపారము. విద్యుత్తు బిల్లులో పది రూపాయలు హెచ్చినచో కార్యాలయము చుట్టు తిరిగి వాదించు గృహస్థు, ఆ కెమికల్ ఏదియో, ఎక్కడిదో అడుగకయే తలయూపును.

ఇంతకును ఆ మసి పుట్టుక రహస్యమేమియు కాదు. బ్రేకు త్రొక్కిన ప్రతిసారియు, పోత ఇనుముతో చేసిన డిస్కును ప్యాడ్లు రెండు ప్రక్కల నుండి ఒరసికొని పట్టును. ఆ రాపిడిలో రెండును అరుగును. అరిగిన ఇనుప రజను, ప్యాడులోని జిగురు పదార్థములతో కలిసి, వేడివేడిగా ఎగిరి చక్రమునకంటుకొని, తేమ తగిలి త్రుప్పు పట్టి, పై వార్నిషు పొరలో నాటుకొనును. బ్రేకు పడినపుడు బండి బరువు ముందునకు ఒరుగుట చేతను, మన చిన్నకార్లలో అనేకములకు వెనుక చక్రములలో డ్రమ్ము బ్రేకులుండి రజను లోలోపలనే నిలిచిపోవుట చేతను, ముందు చక్రములే ఎక్కువ నల్లబడును. ఇది తెలియని యజమాని ముందు చక్రములకేదో వ్యాధి సోకినదని తలచును. మన తండ్రుల కాలపు అంబాసడరు చక్రములకు ఈ మసి లేకపోవుట ఆ తరము సచ్ఛీలత వలన కాదు. దాని నాలుగు చక్రములకును డ్రమ్ములే. ఇక సాయంసమయమున సుచిత్ర కూడలిలో అడుగుకొక బ్రేకు వేయక ముందునకు కదలగలిగిన పుణ్యాత్ముని నేనింతవరకు కనలేదు.

ఇప్పుడు నిపుణుని డబ్బా సంగతి. దాని మీద చీటీ యుండదు. ఆమ్లముల విక్రయమున కొనువాని గుర్తింపు పత్రము చూడవలెననియు, అమ్మకమును పుస్తకములో వ్రాయవలెననియు, పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదనియు 2013లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించెను. కాని రసాయనములకు కొరత యెరుగని జీడిమెట్ల పొరుగున, స్నానాలగది కడుగు యాసిడ్ చక్రసేవకు పదోన్నతి పొందుటకు ఏ పత్రమును అడ్డుపడదు. ఆమ్లము పడినంతనే మసి నురుగెత్తి జారిపోవుట నిజమే. మసితో పాటు వార్నిషును, వార్నిషు క్రింద అల్యూమినియమును కాపాడు ఆక్సైడు పొరయు జారిపోవుట కూడ నిజమే. తినివేయబడిన తలము మొదట తళుక్కుమనును, పిదప తెల్లబారును. గరుకెక్కిన ఆ తలముపై మసి మునుపటికన్న త్వరగా పట్టును. యజమాని మునుపటికన్న త్వరగా తిరిగివచ్చును. రోగమును మందే పుట్టించు ఇట్టి వైద్యమును కనిపెట్టిన బుద్ధికి నమస్కరింపవలసినదే.

నవ్వు ఇంతటితో ఆగవలసిన చోటొకటి కలదు. కొన్ని చక్రశోధక ద్రవములలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము గాని, అమోనియం బైఫ్లోరైడ్ గాని యుండును. పలుచని ద్రావణము చర్మమును తాకినను కొన్నిమారులు వెంటనే మంటయే తెలియదు. అది లోనికింకి, రక్తములోను ఎముకలోను గల కాల్షియమును పట్టుకొనును. దానిని బ్రష్షుతో రుద్దువాడు చేతొడుగు లేని, హవాయి చెప్పుల కుర్రవాడు. చక్రమునకు చేయు బీమాలో వాని వ్రేళ్లకు భాగము లేదు.

విద్యావంతులగు యజమానులకు వేరొక వినోదము కలదు: చల్లినంతనే ఊదారంగునకు మారు ద్రవము. చక్రము నుండి ఊదా ధారలు కారుచుండ, “ఎంత విషం కారుతున్నదో చూడండి” అని ఫోనులో చిత్రించి బంధువర్గమునకు పంపుదురు. థయోగ్లైకోలేటు ఇనుముతో కలిసినపుడు ఆ రంగు వచ్చును. ఆ జాతి రసాయనములే సెలూనులలో జుట్టు వంకీలు తిప్పుటకును, రోమములు రాల్చు క్రీములలోను వాడబడుచున్నవి. కుళ్లిన గ్రుడ్డు వంటి ఆ వాసన అందుండియే. చల్లబడిన చక్రముపై చల్లి, ఎండనీయక కడిగివేసినచో అది పనికివచ్చు వస్తువే. కాని అప్పుడే రహదారి దిగిన కాగు చక్రముపై మిట్టమధ్యాహ్నమున చల్లి, రంగు వచ్చునా రాదా యని పందెము కాయుచు కూర్చుండుట శుద్ధి కాదు, గారడి.

కడిగిన నీరు ఎక్కడికి పోవునని అడుగుట మర్యాద కాదు కనుక అడుగను. జీడిమెట్ల కర్మాగారముల మురుగునకు ఉమ్మడి శుద్ధికేంద్రము దశాబ్దముల క్రిందటనే ఏర్పడినది. ర్యాంపు క్రింది కాలువకు అట్టి గౌరవము దక్కలేదు.

ఐరోపా వారు 2024లో చేసిన యూరో 7 నిబంధనలలో, పొగగొట్టముతో పాటు, బ్రేకుల నుండి వెలువడు సూక్ష్మధూళికిని తొలిసారి హద్దు విధించి, సాధారణ కారు కిలోమీటరునకు 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్తు కారు 3 మిల్లీగ్రాములు మించరాదనిరి. వారి భయము ఊపిరితిత్తులను గూర్చి. మన భయము చక్రమును గూర్చి. చక్రమునకంటిన రజను ఎవరి ముక్కులోనికిని పోదు. బండి వెనుక స్కూటరుపై పోవువాడు పీల్చునది అంటక ఎగిరిపోయిన తక్కిన భాగము. దానిని ఏ నిపుణుడును కడుగజాలడు గనుక దాని విషయమున ఎవరికిని కలవరము లేదు.

కావున చక్రప్రియులారా, బండి చల్లారిన పిదప, వారమునకొకసారి, ఒక బకెట్టు నీటిలో కారు షాంపూ కలిపి, మెత్తని బ్రష్షుతో మీరే తుడుచుకొనుడు. మసి పాతుకొనుటకు వ్యవధి దొరకదు. సెంటరుకే పోవలసివచ్చినచో, చీటీ లేని డబ్బా కనబడినంతనే అందేమున్నదని అడుగుడు. సమాధానము రానిచో తాళము తీసికొని ఇంటికి రండు.